గౌరయ్య తూము దగ్గర ఆగే కాలు

లాజరు ఎడమ కాలికి లెక్కలు వచ్చు. రోడ్డు మీది కల్వర్టు దగ్గర మోపెడ్‌కు స్టాండు వేసి కాలువకట్ట ఎక్కితే, సరిగ్గా నాలుగు వందల ఇరవై అడుగులకు పిక్క పట్టేస్తుంది. మొదట సన్నగా బిగుస్తుంది. ఆ తర్వాత తడిబట్టను పిండినట్టు లోపలి కండను ఎవరో పిండుతారు. ఆగితే మాత్రం రెండే నిమిషాలు. అసలు నొప్పి వచ్చిందా లేదా అని తనకే అనుమానం వచ్చేటంత శుభ్రంగా పోతుంది. నడిస్తే మళ్ళీ అదే వరస.

ఆ నాలుగు వందల ఇరవయ్యో అడుగు వెళ్ళి వెళ్ళి గౌరయ్య తూము దగ్గరే పడుతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఏ సర్కారు తుమ్మ కిందో పడి ఉంటే ఎవడూ పట్టించుకునేవాడు కాదు. గౌరయ్యకు కాలువ మొదట్లో పద్నాలుగు ఎకరాల మాగాణి ఉంది, తూము పక్కనే సిమెంటు గట్టు ఉంది, ఆ గట్టు మీద వేపచెట్టు నీడ కూడా ఉంది. కాలు నొప్పెట్టిన మనిషి కూర్చోవడానికి ఎంత బాగుంటుందో, చెడ్డపేరు తెచ్చుకోవడానికీ అంతే బాగుంటుంది.

లాజరు లష్కరు. సాగర్ ఎడమ కాలువలోంచి హుజూర్‌నగర్ వైపు చీలిన ఒక మేజర్ అనే పిల్లకాలువ మీద ఇరవై ఏడేళ్ళుగా నీళ్ళ కాపలా. కల్వర్టు నుంచి చివరన ఉన్న రాళ్ళవాగు తండా దాకా మూడు కిలోమీటర్లు, పదకొండు తూములు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళ షట్టరు ఎత్తాలి, వంతు అయిపోగానే దించాలి, పైవాళ్ళు దొంగచాటుగా ఎత్తుకోకుండా పొద్దునా సాయంత్రం చూసుకోవాలి. ఆ పనికి చదువు అక్కర్లేదు, కాళ్ళు కావాలి. కట్ట మీద బండి నడవదు. పాత గండ్లకు మట్టి పోసి పూడ్చారే తప్ప ఎవరూ దారి చేయలేదు.

అతనికి ఒక పట్టింపు ఉండేది. నీళ్ళు పారే రోజుల్లో కట్ట మీద ఎవరి చేతి మంచినీళ్ళు కూడా తాగడు. ఒకరి చెంబెడు నీళ్ళు తాగితే వాళ్ళకు తూమెడు నీళ్ళు ఇయ్యాల్సి వస్తుందని అతని ఎరుక. సద్ది, నీళ్ళ సీసా ఇంటి నుంచే తెచ్చుకుంటాడు. పంటలు ఇళ్ళకు చేరాక అందరూ ఇచ్చినట్టు తట్టెడు వడ్లు ఇస్తే మాత్రం తీసుకుంటాడు. అది ఆనవాయితీ, అందులో దాపరికం లేదు.

నొప్పి మొదలైంది కిందటేడు వరికోతలప్పుడు. అప్పుడు ఏడువందల అడుగుల దాకా రాకుండా ఆగింది, గౌరయ్యది దాటాక వచ్చే కాశీరాం తూము దాకా పోనిచ్చింది. తర్వాత నెలనెలా వెనక్కి నడుచుకుంటూ వచ్చి, గౌరయ్య తూము దగ్గర కాపురం పెట్టింది. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు నరం పట్టిందని పది ఇంజెక్షన్లు పొడిచాడు. భార్య చంద్రమ్మ రాత్రిళ్ళు ఆముదం రాసి కాపడం పెట్టింది. చర్చిలో పాస్టరు నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. కాలు మాత్రం ఎవరి మాటా వినలేదు.

లాజరు కనిపెట్టిన మందు ఒకటి ఉంది, బీడీ. గట్టు మీద కూర్చుని బీడీ ముట్టిస్తే, అది సగం కాలేసరికి నొప్పి పోయేది. కూర్చున్నందుకు పోతున్న నొప్పి బీడీ తాగినందుకు పోతోందని నమ్మాడు. అంతకుముందు రోజుకు ఒక కట్ట తాగేవాడు, మందు అన్నాక పొదుపు ఏమిటని రెండు కట్టలకు వెళ్ళాడు. దొంగను తెచ్చి ఇంటికి కాపలా పెట్టుకున్నట్టయిందని అప్పటికి తెలియదు.

ఆఫీసులో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే మల్సూర్ వల్ల. పక్క కాలువ మీద లష్కరుగా ఉన్న మల్సూర్ మోకాలు విరగ్గొట్టుకుని, రెండు నెలల్లో లేచి వస్తానని ఉన్నది ఉన్నట్టు చెప్పుకున్నాడు. మనుషుల్ని పెట్టే ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ వాళ్ళు మరుసటి సోమవారమే ఇంకొకణ్ణి పెట్టారు. లాజరు కూడా ఆ ఏజెన్సీ కిందే ఉన్నాడు. రిటైర్మెంటు అన్న మాట లేదు, ఉన్నన్నాళ్ళూ ఉండడమే. నడవలేని లష్కరంటే చక్రం ఊడిన బండి అని అతనికి బాగా తెలుసు.

అట్లా దాస్తూ దాస్తూ యాసంగి వచ్చింది. ఆ యేడు నీళ్ళు తక్కువ. ఎనిమిది రోజులు వదలడం, వారం రోజులు ఆపడం అని వారబందీ పెట్టారు. వదిలిన ఎనిమిది రోజుల్లో మొదటి నాలుగూ చివరి తండాకే వెళ్ళాలి, అప్పుడు పైనున్న తూములన్నీ దించి ఉంచాలి. లాజరు పొద్దున ఒకసారి కుంటుకుంటూ వెళ్ళి దించి వచ్చేవాడు. ఇదివరకు సాయంత్రం ఇంకో విడత తిరిగేవాడు, ఇప్పుడు కాలు రాదు. అతని వీపు అటు తిరగ్గానే పైవాళ్ళు రాళ్ళు పెట్టి షట్టర్లు లేపుకునేవాళ్ళు. తండా చేరేసరికి కాలువలో చేపపిల్ల మునిగేటన్ని నీళ్ళు కూడా మిగిలేవి కావు.

అన్నిటికంటే చివరి తూము సుక్కిది. అరవై అయిదు దాటిన లంబాడా మనిషి, మొగుడు పోయి చాలా కాలమైంది, రెండెకరాలు ఒంటిచేత్తో చేసుకుంటుంది. ఏ కరువు యేడూ ఆమె మడి ఎండలేదు. ఎండనియ్యలేదు లాజరు. కాలువ మొదట్లో తడిసిన పొలాన్ని చూసి ఎవడైనా సంతోషిస్తాడు, కాలువ చివర తడిసిన పొలాన్ని చూస్తేనే లష్కరు పని కనబడుతుందని అనుకునేవాడు. ఇప్పుడు ఆ మడిలో వరి పొట్టకొచ్చింది, మట్టి నెర్రెలు విచ్చింది. లాజరు ఒక రోజు దూరం నుంచి ఆ నెర్రెలు చూసి, గట్టు దాకా వెళ్ళడానికి మొహం చెల్లక వెనక్కి తిరిగాడు.

తండాలో బీక్యా అని ఒకతను ఉన్నాడు. కోదాడలో డిగ్రీ చదివి వచ్చి సేద్యం చేస్తున్నాడు. మాట నెగ్గించుకునే మనిషి. నీళ్ళు ఎందుకు రావడం లేదో చూద్దామని కట్ట మీద పైకి వస్తే, గౌరయ్య తూము గట్టు మీద లాజరు కాళ్ళు చాపుకుని బీడీ తాగుతూ కనబడ్డాడు. మర్నాడు వచ్చాడు, అక్కడే. మూడో నాడు వచ్చాడు, అక్కడే. మూడు రోజులూ మూడు ఫోటోలు తీసి రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టి, లష్కరు సాబుకు డ్యూటీ గౌరయ్య పటేలు పొలం కాడ పడ్డదని రాశాడు. ఊరి నోరు మూసే మూకుడు ఇంతవరకు ఏ కుమ్మరీ చేయలేదు. సాయంత్రానికి గౌరయ్య ఎన్ని కోళ్ళు కోశాడో, ఏ రకం సీసా తెప్పించాడో కూడా తెలిసిపోయింది.

ఇరిగేషన్ ఏఈ సుమలత కోదాడ నుంచి జీపులో వచ్చింది. ముప్పై ఏళ్ళ మనిషి, నిదానస్తురాలు. కల్వర్టు దగ్గర తండా మొత్తం నిలబడి ఉంది. గౌరయ్యను కూడా పిలిపించారు. ఆయన ఎవరూ అడగకముందే, ఈ లాజరుకు ఒక్క చాయ్ తాగించి ఉంటే తన ఇద్దరు కొడుకుల మీద ఒట్టని మొదలుపెట్టాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందని వెనక నుంచి ఎవరో నవ్వారు. పాపం, ఆ భుజాల మీద నిజంగానే ఏమీ లేదు. షట్టరు ఎత్తుకున్న మాట వాస్తవమే గానీ, పైనున్నవాళ్ళందరూ ఎత్తుకున్నారు. లాజరుకు ఇచ్చింది మాత్రం ఏమీ లేదు.

ఏఈ ఫోటోలు చూసింది.

“రోజూ అక్కడే ఎందుకు కూర్చుంటున్నారు మీరు? ఉన్నది చెప్పండి, నేనేమీ అనను.”

లాజరు దగ్గర రెండు జవాబులు ఉన్నాయి. కాలు పనిచేయడం లేదంటే సోమవారానికి ఇంకొకడు వస్తాడు. తిన్నానంటే తిడతారు, బెదిరిస్తారు, ఇంకోసారి చేయకు పొమ్మంటారు. తిన్న లష్కరు ఈ కాలువలకు కొత్త కాదు, నడవలేని లష్కరే కొత్త. ముందు నుయ్యి, వెనక గొయ్యి. లాజరు గొయ్యిని ఎంచుకున్నాడు.

“తప్పయింది మేడం,” అన్నాడు.

అనుకున్నట్టే అయింది. ఇంకొక్కసారి ఫిర్యాదు వస్తే ఏజెన్సీకి రాస్తానని చెప్పి ఏఈ వెళ్ళిపోయింది. జనం కదిలారు. సుక్కి మాత్రం కదల్లేదు. పైట నెత్తి మీదికి లాక్కుని అతని మొహంలోకి చూసింది.

“నువ్వు గూడనా తమ్మీ,” అంది.

అంతే అని వెళ్ళిపోయింది. లాజరుకు ఆ మాట పిక్కలోని నొప్పి కంటే లోతుగా దిగింది. ఆగితే పోయే రకం కాదది.

ఇంట్లో చంద్రమ్మకు అప్పటికే వార్త అందింది. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. అతను గౌరయ్య దగ్గర ఏమీ తినలేదని ఆమెకు తెలుసు. ఇరవై ఏడేళ్ళలో ఈ మనిషి కట్ట మీద మజ్జిగ కూడా తాగి రాలేదు. మరి ఒప్పుకోవడం ఎందుకని అడిగింది. లాజరు మల్సూర్ పేరు చెప్పి ఊరుకున్నాడు.

“మల్సూర్‌ది మోకాలే పోయింది,” అంది చంద్రమ్మ. “నీది పేరు పోయింది. ఏది అతుక్కుంటదో నువ్వే సూడు.”

తెల్లవారి మళ్ళీ నీళ్ళు వదిలే రోజు. లాజరు చీకటి విడవకముందే కల్వర్టు దగ్గర మోపెడ్ ఆపి కట్ట ఎక్కాడు. ఈసారి ఎక్కడా కూర్చోకూడదని, పదకొండు తూములూ దించి, నీళ్ళతో పాటే తండా దాకా నడవాలని మొండిపట్టు పట్టాడు. నాలుగు వందల ఇరవైకి పిక్క పట్టింది. షట్టరు దించి, గట్టు వైపు చూడకుండా ముందుకు నడిచాడు. అయిదు వందలకు పళ్ళు బిగించాడు. ఆరు వందలకు కాలు మొద్దుబారి కర్రలా తగిలింది. కాశీరాం తూము కనబడుతూనే ఉంది, దాని హ్యాండిల్ చేతికి అందేలోపే కాలు మడతపడింది. బురదలో చతికిలబడి పిక్కను రెండు చేతులా పట్టుకున్నాడు. నొప్పికీ ఏడుపు వచ్చింది, సిగ్గుకూ వచ్చింది.

తన వంతు నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూసుకోవడానికి సుక్కి చేతిలో పారతో అటు నుంచి వస్తోంది. అతణ్ణి చూసి ఆగింది. తాగి పడ్డాడని అనుకుంది కాబోలు, దగ్గరికి వచ్చి వాసన చూసింది.

లాజరుకు ఇక దాచే ఓపిక లేదు.

“కాలు నడుస్తలేదక్కా. ఏడాదాయె. ఆరెంపీ నరం పట్టిందన్నడు. గౌరయ్య కాడ నేను తిన్లే, తాగలే. నడిస్తే నొస్తది, కూసుంటే పోతది, గందుకే కూసున్న. నడవలేనంటే పనిల నుంచి తీసేస్తరని, తిన్ననని ఒప్పుకున్న.”

సుక్కి జాలిపడుతుందని అతను అనుకున్నాడు. ఆమెకు కోపం వచ్చింది.

“మరి నా పొలం? నీ కాలు నొస్తే నా వరి ఎండాల్నా? గా ముక్క ముందుగాల్నే చెప్తే, నేనే వచ్చి తూము తూముకు కావలి కూసుందును గద. దొంగవైతే తిట్టుకుని ఊకుందును. నమ్మి ఎండబెట్టుకున్న తమ్మీ.”

సుక్కి పార పక్కన పెట్టి కూర్చుంది. పశువుల్ని తడిమినట్టు ముందు ఎడమ పాదం పట్టుకుంది, తర్వాత కుడి పాదం పట్టుకుంది, మళ్ళీ ఎడమది పట్టుకుంది. బురద తుడిచి చూసింది. ఎడమ కాలి మీద వెంట్రుక లేదు, చర్మం మెరుస్తోంది.

“గీ కాలు సల్లగున్నది, గది ఎచ్చగున్నది,” అంది. “నరం అన్నోడు ఎవడు? నీ కాలుకు నెత్తురు వస్తలేదు. ఇయ్యాలనే పెద్ద దవాఖానకు పో.”

తర్వాత లేచి, కాశీరాం షట్టరు తనే దించింది. మిగిలిన తూములు కూడా ఆ పొద్దు ఆమె దించుకుంటూ పోయింది. రెండెకరాల్లో అప్పటికే ముప్పాతిక ఎకరం తాలు పోయింది, తక్కింది బతికింది.

లాజరు కూతురు కృపారాణి మిర్యాలగూడలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. తల్లి ఫోన్ చేయగానే సెలవు పెట్టి వచ్చి, తండ్రిని సూర్యాపేట పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. కాలు నొప్పి అనగానే లోపలికి పోనిచ్చే ఆసుపత్రి ఎక్కడా ఉండదు. ఓపీ చీటీ తీసుకుని, బెంచీ మీద మూడు గంటలు కూర్చున్నారు. లోపల ఉన్న డాక్టరు అలసిపోయి ఉన్నాడు గానీ, చెయ్యి మాత్రం అలసిపోలేదు. పాదం మీద రెండు వేళ్ళు పెట్టి నాడి వెతికాడు. చీలమండ లోపలివైపు వెతికాడు. బీపీ పట్టీ చేతికి కట్టినట్టే కాలికి కట్టి, పెన్నులాంటి ఒక మిషను ఆనించి చప్పుడు విన్నాడు. కుడికాలు దగ్గర ఆ మిషను గట్టిగా కొట్టుకుంది. ఎడమకాలు దగ్గర గోడ అవతల ఎవరో గుసగుసలాడినట్టు వినబడింది.

కాలికి వెళ్ళే రక్తనాళం సన్నబడిందని చెప్పాడు. కూర్చున్నప్పుడు ఆ వచ్చే కాస్త రక్తం సరిపోతుంది, నడిచినప్పుడు కండకు ఎక్కువ కావాలి, అది అందక నొప్పి పెడుతుంది, అందుకే రోజూ ఇంచుమించు అంతే దూరంలో వస్తుంది. లాజరు ఈ మాట కృపారాణి కంటే ముందే అర్థం చేసుకున్నాడు. నాట్ల వేళ అందరికీ ఒకేసారి నీళ్ళు కావాల్సి వచ్చినప్పుడు చివరి మడి ఎండడం ఇరవై ఏడేళ్ళు చూసినవాడికి విడమరచి చెప్పాల్సిన పని లేదు. టేలెండుకు అందుతలేదన్నమాట అని మెల్లగా అన్నాడు. డాక్టరుకు ఆ మాట తెలియలేదు, కాలువ చివరి పొలమని కృపారాణి చెప్పాల్సి వచ్చింది.

రెండు రకాల గోలీలు రాశాడు, రోజూ వేసుకోమన్నాడు. బీడీ ఇక ముట్టవద్దన్నాడు. నాళాన్ని సన్నం చేసింది అదేనని, ఇంకా తాగితే నొప్పి కూర్చున్నప్పుడు కూడా వస్తుందని, ఆ తర్వాత వేళ్ళు నల్లబడతాయని చెప్పాడు. లాజరు జేబులోని కట్టను బయటి నుంచే ఒకసారి తడుముకున్నాడు. ఏడాదిగా మందనుకుని మింగిన పొగంతా గుర్తొచ్చింది.

తర్వాత డాక్టరు అతను ఏం పని చేస్తాడని అడిగాడు. కాలువకట్ట మీద నడుస్తానంటే మొదటిసారి నవ్వాడు.

“ఇగ అసలు మందు గదే పెద్దాయనా. రోజూ నడవాలె. నొప్పి వచ్చిందాక నడువు, జర ఓర్చుకో, ఆగు, పోయినంక మల్ల నడువు. గట్ల అరగంట, ముప్పావుగంట. మూడు నెలలకు దూరం పెరుగుతది.”

లాజరు ఏ పని పోతుందని ఏడాది పాటు నొప్పి దాచాడో, ఏ పనిని దొంగతనంగా తగ్గించుకుంటూ వచ్చాడో, ఆ పనే మందట. ఆగడం తప్పు కాదట. ఆగి మళ్ళీ నడవాలట. ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే అని బస్సులో సూర్యాపేట దాటేదాకా అనుకుంటూనే ఉన్నాడు. అడిగితే కదా ఎవరైనా చెప్పేదని కృపారాణి కిటికీలోంచి బయటకు చూస్తూ అంది.

ఆ వారమే కోదాడ ఆఫీసుకు వెళ్ళి కాగితాలు ఏఈ ముందు పెట్టాడు. తినలేదని, కాలు బాగలేక కూర్చున్నానని చెప్పాడు. సుమలత కాగితాలు రెండుసార్లు చదివింది. ముందే చెప్పి ఉండాల్సిందని మాత్రం అంది. తెలిశాక దాచడం ఆమె వల్ల కాదు. నీళ్ళ మీద మనిషి పొద్దునా సాయంత్రం నడవాలి, నిజమే. కానీ అతణ్ణి ఊరికే వదిలేయలేదు. ఏజెన్సీ వాళ్ళతో మాట్లాడి, కోదాడలో తుప్పుపట్టిన షట్టర్లు, పాత గొట్టాలు పడేసిన స్టోరు షెడ్డుకు కాపలా పెట్టించింది. కుర్చీ, ఫ్యాను, ఒక రిజిస్టరు. మంచితనంతోనే చేసింది. ఇరవై ఏడేళ్ళు నడిచినవాడికి, డాక్టరు నడవమన్న నెలలోనే కుర్చీ దొరికింది.

కాలువ మీదికి సంతోష్ అని కొత్త లష్కరు వచ్చాడు.

లాజరు నడక మాత్రం మానలేదు. కోదాడ బస్సుకు ముందు రోజూ పొద్దున్నే కల్వర్టు దగ్గర బండి ఆపి కట్ట ఎక్కేవాడు. బీడీ మానడం నడక కంటే కష్టమైంది. నోట్లో వేపపుల్ల పెట్టుకుని, చేతులు ఏం చేయాలో తెలియక వెనక కట్టుకుని నడిచేవాడు. నాలుగు వందల ఇరవైకి పిక్క పట్టేది. గౌరయ్య తూము దగ్గర ఆగేవాడు. అప్పటికి యాసంగి నీళ్ళు ఇంకా పారుతున్నాయి. అలవాటు చచ్చినా పోదు, షట్టరు కింద రాయి కనబడితే దించమనేవాడు. గౌరయ్య గొణుక్కుంటూ దించేవాడు.

“ఇయ్యని లంచానికి పేరు మోసినోన్ని నేనొక్కన్నే ఉంట ఈ జిల్లాల,” అనేవాడు.

సుక్కి తండాలో ఉన్న సంగతంతా చెప్పింది. సగంమంది నమ్మారు. బీక్యా నమ్మలేదు. చదువుకున్నవాడు కదా, సూటిగా అడిగాడు. గౌరయ్య తూము దగ్గరే పట్టి, రెండు నిమిషాల్లో మాయమయ్యే రోగం ఎక్కడన్నా ఉంటుందా అన్నాడు. పని పోయినా ఇప్పటికీ అక్కడే కూర్చుంటున్నాడంటే పాత బాకీ ఏదో వసూలు చేసుకుంటున్నాడని తేల్చాడు. ఆ మాట లాజరు దాకా వచ్చింది. కోపం కూడా రాలేదు. అబద్ధాన్ని నమ్మించడానికి ఒక్క మాట సరిపోయింది, నిజాన్ని నమ్మించడానికి కాళ్ళరిగేలా తిరగాలి. అతని కాళ్ళకు అంత శక్తి లేదు.

ఎండాకాలం ఎండిన కాలువ పక్కన నడిచాడు. మే నెలలో నాలుగు వందల ఇరవై కాస్తా అయిదు వందలయింది. జూన్ చివర్లో ఒకరోజు గౌరయ్య వేపచెట్టు నీడ దాటి వెళ్ళాక గానీ అది దాటానని గమనించలేదు. ఆగస్టులో సాగర్ నీళ్ళు వదిలేనాటికి ఏడు వందల అడుగులు నడుస్తున్నాడు. పిక్క పట్టేచోటు ఇప్పుడు కాశీరాం తూము.

పదిహేను రోజులు గడవకముందే ఊళ్ళో కొత్త వార్త పుట్టింది. గౌరయ్య చెయ్యి బిగబట్టాడు, లాజరు ఇప్పుడు కాశీరాం దగ్గర తింటున్నాడు. గౌరయ్యకు ప్రాణం లేచొచ్చింది. కాశీరాం ఒట్లు పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

సెప్టెంబరులో ఒక ఆదివారం, చర్చికి ఇంకా టైముందని, లాజరు ఆగుతూ ఆగుతూ కాలువ చివరిదాకా వెళ్ళాడు. అయిదుసార్లు ఆగాడు. సుక్కి మడిలో వానాకాలం వరి మోకాలెత్తు లేచి ఉంది, నీళ్ళు నిండా ఉన్నాయి. చూసి అతని ఒళ్ళంతా తేలికపడింది, వెంటనే యాసంగిలో ఎండిన ఆ ముప్పాతిక ఎకరం వైపు చూపు పోయి మళ్ళీ బరువైంది. గట్టు మీద కూలబడ్డాడు. సుక్కి సద్ది మూట విప్పింది. జొన్నరొట్టె, మీద పచ్చి ఉల్లిగడ్డ, మిరంకారం. సగం విరిచి అతని చేతిలో పెట్టింది. లాజరు చెయ్యి అలవాటుగా వెనక్కి పోయింది.

“ఇప్పుడు నువ్వు లష్కరువు గావు గద. తిను,” అంది సుక్కి. “అయినా నా కాడికి ఆగకుండ ఎప్పుడొస్తవ్?”

“ఏమో అక్కా. గిట్లనే పోతే నాలుగైదేండ్లు పడ్తదేమో. వస్తనో రానో.”

అప్పుడే బీక్యా మందు డబ్బా వీపుకు తగిలించుకుని గట్టు మీద వస్తున్నాడు. లాజరునూ, రొట్టెనూ చూసి ఆగాడు. గీడ గూడ మొదలువెట్టినవా లష్కరు అన్నాడు, సగం నవ్వుతూ.

“అవు, నేనే తినవెడ్తున్న,” అంది సుక్కి, తల ఎత్తకుండా. “నీ ఫోను తీసి గిది గూడ ఫోటో కొట్టు. సుక్కి కాడ తింటున్నడని గ్రూపుల పెట్టు.”

బీక్యా జేబులోంచి ఫోన్ తీశాడు గానీ, ఏమనుకున్నాడో, మళ్ళీ జేబులోనే పెట్టుకుని పొలంలోకి దిగిపోయాడు. లాజరు రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు. తిన్నాడన్న పేరు మోస్తూ తిరిగిన ఇన్ని నెలల్లో, ఇరవై ఏడేళ్ళలో కూడా, ఆ కాలువ మీద అతను ఒకరి చేతిది తినడం అదే మొదటిసారి.